అర్జునుడిచ్చిన బిడ్డకు నాయనను

మా భారతం అర్జునుడు పోయాడు. పుంగనూరు బస్టాండులో పూలమ్మే ఆవిడ చెప్పింది. చెబుతూనే కట్టిన మూరలన్నీ బుట్టలో వేసుకుని ఆయన ఇంటికి బయలుదేరింది. నేనూ వెనకే నడిచాను. ఏడుపొచ్చింది. ఆ ఏడుపు అడుగున పాత కుళ్లు కూడా ఉంది, దాచడమెందుకు!

మా వైపు భారతం ఆడేటప్పుడు పాశుపతం కోసం తపస్సు చేసే ఘట్టంలో అర్జున వేషం కట్టినవాడు తాటిచెట్టంత తపస్సు మాను ఎక్కి, పాడుకుంటూ పైనుంచి నిమ్మపండ్లు విసురుతాడు. పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో కింద కొంగు పడతారు. ఆ వేషానికి ఆయన్ను మించినవాడు లేడు. అబ్బ, ఏం గొంతు! ఆయన పాటల క్యాసెట్లు కుప్పం బస్సుల్లో మోగేవి. నేనూ పాడతాను. మా మేకలు కూడా వినవు.

తొంభైల మొదట్లో ఒక ఏడు నా భార్య కొంగు పట్టింది. ఆయన మాను మీదినుంచే మద్దెల ఆపించాడు.

"అమ్మా, ఆడబిడ్డ పుడితే బడికి పంపుతామనండి. సదువు అయ్యేదాకా పెండ్లి సేయం అనండి. అప్పుడే ఇసురుతా."

"దేవుడి ప్రసాదానికి షరతులేందప్పా? దిగు ముందు!" కింద పెద్దమనుషులు అరిచారు.

"దేవుడు అడగలేదన్నా, నేను అడగతాండా."

ఆడవాళ్లంతా సరేనన్నారు. పండు పడింది. మరుసటి ఏడు పాప పుట్టింది. ఇక ఊరంతా ఒకటే మాట, అర్జునుడిచ్చిన బిడ్డ! మదనపల్లె ఆసుపత్రుల చుట్టూ తిరిగింది మేము, పథ్యాలు చేసింది మేము, పేరేమో ఆయనకు.

ఆ షరతు నచ్చక కుప్పం వైపు కొన్ని ఊళ్లు ఆయన్ను పిలవడం మానేశాయి. ఆయన మాత్రం మానలేదు. భారతం లేని నెలల్లో సైకిలు మీద ఊరూరా తిరిగి, చిన్నపిల్లలకు పెళ్లిళ్లు వద్దని వీధుల్లో పాడేవాడు. పండు పట్టిన ఇళ్లన్నీ ఎక్కి దిగేవాడు. "పాప బడికి పోతాండాదా?" అని గడపలోనే అడిగేవాడు. నా బిడ్డ మార్కులు నాకంటే ముందు ఆయనకు చూపించేది. నాకు కడుపు మండేది.

పాప తొమ్మిదో తరగతిలో ఉండగా వెంకటగిరికోట నుంచి సంబంధం వచ్చింది. వద్దని నేనే పంపేశాను, నా అంతట నేనే! అయినా మా అక్క ఏమంది? "ఇంగేం సేస్తాడులే, అర్జునుడికి మాటిచ్చుండాడు గదా!"

ఒకరోజు ఉండబట్టలేక ఆయన్నే అడిగేశాను. "ఏమప్పా, పండు ఇసిరినందుకే నీకింత పేరా?"

ఆయన మజ్జిగ తాగుతూ నవ్వాడు. "ఇసిరేది ఎంతసేపన్నా? సాకేదాంట్లో ఉండాది కష్టం. ఆ కష్టం పడదామన్నా నాకొక బిడ్డ లేకపాయ."

చావింటి ముందు ఎక్కడ చూసినా ఆడపిల్లలే. మదనపల్లెలో డిగ్రీ చదువుతున్న నా బిడ్డ కూడా బస్సు దిగి నేరుగా వచ్చింది. పిల్లలు లేని మనిషికి నిప్పుకుండ ఎవరు పట్టాలన్న మాట వచ్చింది. నా బిడ్డ ముందుకు వచ్చింది.

"తండ్రి బతికుండే బిడ్డ పట్టకూడదు," అన్నాడు ఒక పెద్దాయన.

"అర్జునుడిచ్చిన బిడ్డే గదా, పట్టనీలే," అంది పూలావిడ.

నాకు ఒకటే భయం. ఇప్పుడు నా బిడ్డ కూడా ఆ మాటే అంటుందేమోనని.

"నాకు నాయన ఉండాడు. ఆయన్ని అడగాల," అని నావైపు తిరిగింది. "నాయనా, నువ్వు సరే అంటేనే పట్టతా. వద్దంటే లేదు."

ఇన్నేళ్లలో మొదటిసారి అందరూ నా నోటివైపు చూశారు. చావింట్లో సంతోషపడకూడదంటారు. పడ్డాను, గుండె పట్టనంత పడ్డాను.

"పట్టు తల్లీ," అన్నాను.

పాడె ముందు నా బిడ్డ నడిచింది. కుండ తాడు వేళ్లను కోస్తుంటే చెయ్యి మార్చుకుంది కానీ అడుగు ఆపలేదు. నా రోజు వచ్చినప్పుడు కూడా ఇట్లాగే నడుస్తుంది, నేనేమో చూడలేను. ఆయన పుణ్యాన చూశాను. అయినా ఆ నడక ముందు దక్కింది ఆయనకే గదా అనుకుంటూ, పొగ కళ్లలో పడుతున్నా తుడుచుకోకుండా, ఆ చిన్న వీపు వెనకే నడిచాను.