అవ్వ పోసిన ఒడిబియ్యం

మా కింది వాటాలోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్లు ఎండుచేపలు వేయిస్తున్నారు. ఆ వాసన మెట్లెక్కి, జాలీ తలుపు సందుల్లోంచి దూరి, నేను పళ్లెంలో కలుపుతున్న పసుపు బియ్యం దాకా వచ్చింది. వాళ్ల తప్పేం లేదు, తినేవాళ్లు తింటారు. ఈ షాద్‌నగర్‌కు వచ్చి ఇన్నేళ్లయినా, మనుమలు పెద్దవాళ్లయినా, ఆ వాసన తగిలితే నేను మాత్రం లేచి తలుపు వేసేస్తాను. చేపల మీద కోపం కాదు, ఒక ఆడమనిషి మీద కోపం. ఆమె ఈపాటికి పోయే ఉంటుంది. నా కోపం మాత్రం ఉన్నచోటనే ఉంది.

మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటికి కొంచెం దిగువన, నల్లగొండ జిల్లా చివరంచున మా ఊరు. ఊరికి ఒక వైపు సున్నపు బట్టీల పొగ, ఒక వైపు ఈతవనం, కిందికి దిగితే రేవు. నైజాం పోయి కొన్నేండ్లే అయిన రోజులవి, ఇంకా మా దిక్కు నదికి అడ్డం పెద్ద కట్టలేవీ లేవు. వానలు వెనకబట్టి, వరద తగ్గి, ఒడ్డున మెత్తటి ఒండ్రు మీద మా గొర్రెల కాళ్ల ముద్రలు పడే కాలానికి, కింద సముద్రం దిక్కు నుంచి తెరచాప పడవలు ఉప్పు, ఎండుచేపలు వేసుకొని వచ్చేవి, పోయేటప్పుడు ఆముదాలు, కందులు నింపుకొని పోయేవి. తెరచాప కనబడగానే పిల్లలమంతా రేవుకు ఉరికేవాళ్లం. ఆ తెల్లటి గుడ్డ గాలికి పొంగి వంపు దగ్గర కనబడితే, ఆహా, గుండెల్లో డప్పు కొట్టినట్టుండేది.

సరిగ్గా అప్పుడే బతుకమ్మ పండుగ వచ్చేది. గుట్టల నిండా తంగేడు పూసేది, ఇంటింటికీ అత్తగారిళ్ల నుంచి ఆడబిడ్డలు దిగేవాళ్లు, వాకిళ్లన్నీ గాజుల చప్పుడుతో, పిల్లల ఏడుపులతో, వేయించిన నువ్వుల వాసనతో, మలీద ముద్దల తీపితో నిండిపోయేవి. మా ఇంట్లో మాత్రం ఎవరూ దిగేవాళ్లు కాదు. అవ్వకు మా బాపు ఒక్కడే కొడుకు. ఒక బిడ్డ పుట్టి, నడక నేర్చి, అమ్మవారు పోసి పోయింది. ఆ బిడ్డ పేరే నాకు పెట్టారు. పండుగ నాడు పక్కింట్లో ఆడబిడ్డను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు వేసి కొంగులో పోస్తుంటే, అవ్వ మా గోడ ఇవతల నుంచి చూసేది. చూసి, లోపలికొచ్చి, ఏ పనీ లేకపోయినా ఉన్ని వడుకుతూ కూర్చునేది. ఒడిబియ్యం పోయడమంటే మా దిక్కు ఉత్త బియ్యం ఇవ్వడం కాదు. పోసినవాళ్లు తల్లిదండ్రులు, పోయించుకున్నది ఆ ఇంటి బిడ్డ. ఆ మాటకు తిరుగుండదు.

ఆ ఏడు ఒక పడవ తెరచాప చినిగి మా రేవులో ఆగింది. పడవలో ఇద్దరే ఆలుమగలు. ఆయన పేరు వీర్రాజు, ఆమె నాగరత్నం. వీర్రాజు రేవులో కూర్చొని దబ్బనంతో తెరచాప కుట్టుకుంటూ, సాయంత్రానికి ఈతకల్లు తాగి పాటలు పాడేవాడు. నాగరత్నానికి మాత్రం కాలు ఒక చోట నిలిచేది కాదు. "ఊరు చూపించవే పిల్లా" అని నా చెయ్యి పట్టుకుంది. ముక్కుకు రెండు దిక్కులా పుడకలు, నోట్లో ఎప్పుడూ తాంబూలం, మాట పలికితే తేనె కారేది. సాలెవాళ్ల మగ్గపు గుంతలు చూపించాను, బట్టీలు చూపించాను, శనివారం అంగడి, పాత రాతి మండపం, గొర్రెలు కడిగే మడుగు, ఒక్కటి వదలకుండా చూపించాను. నా "గిట్ల, గట్ల" వినాలని మళ్లీ మళ్లీ అడిగి, పడీపడీ నవ్వేది. ప్రతి వాకిట్లో ఆగి, "ఈ ఇంట్లో ఆడపిల్లలున్నారా? ఈ ముసలమ్మకు కూతుళ్లు లేరా పాపం?" అని అడిగేది. ఎంత ప్రేమ గల మనిషి, అందరి మంచిచెడ్డలు అడుగుతుంది అనుకుని, నేను అందరి ఇళ్ల ముచ్చట్లూ చెప్పాను.

తర్వాత మా ఇంటికొచ్చి అవ్వ కాళ్ల దగ్గర కూర్చుంది. "నాకెవరూ లేరమ్మా. వరదలో మా అమ్మతో సహా అంతా కొట్టుకుపోయారు. అందరూ పండక్కి పుట్టింటికెళ్తుంటే, నేను నీళ్ల మీద తిరుగుతున్నాను" అని వెక్కి వెక్కి ఏడ్చింది. అవ్వ ఆమె తలను ఒళ్లో పెట్టుకొని, వెంట్రుకలు సవరిస్తూ, "నేను లేనా బిడ్డా, ఊకో" అన్నది.

ఇక చూడాలి మా అవ్వ సంబురం! గుట్టల్లో మందతో ఉన్న తాతకు కబురుపెట్టి పిలిపించింది. నాగరత్నాన్ని పీట మీద కూర్చోబెట్టి, కాళ్లకు పసుపు రాసి, ఇద్దరూ కలిసి ఒడి నింపారు. బాపు కోసం నేయించిన కొత్త నల్ల గొంగడిని కూడా భుజాన కప్పింది. మాకు గొర్రెలవాళ్లకు గొంగడి అంటే ఇల్లంత సొమ్ము. "మీ ఊర్లె ఈ బియ్యం వండి నలుగురికి పెట్టు బిడ్డా, మా అమ్మగారిచ్చిన్రని చెప్పు" అన్నది. నాగరత్నం కొంగులోంచి దోసిళ్లతో కొంత బియ్యం తీసి, పద్ధతి ప్రకారం పుట్టింటికని మా చాటలో తిరిగి పోసింది. అది ఆమెకు ఎవరు నేర్పారో అడగాలని అప్పుడు మాకు తట్టలేదు. నాకైతే మేనత్త దొరికింది. వచ్చే ఏడు సముద్రం చూపిస్తానని మాటిచ్చింది.

కార్తీక పున్నానికి కింది రేవులో జాతర జరిగేది. బాపు ఉన్ని అమ్మడానికి పోతూ నన్నూ తీసుకెళ్లాడు. ఆ రేవులో నాగరత్నం వాళ్ల పడవ ఆగిందని ఎవరో చెప్పగా, అవ్వ నువ్వుల ముద్దలు చేసి మూట కట్టి, "నా బిడ్డకియ్యుండ్రి, మెత్తగున్నప్పుడే తినుమని చెప్పుండ్రి" అని నా చేతిలో పెట్టింది.

జాతరలో ఒక దుకాణం ముందు గోనెసంచి నిండా పసుపు బియ్యం ఉన్నాయి. బాపు నిలబడిపోయాడు. పసుపు బియ్యం ఎవరైనా అమ్ముతారా? పిడికెడు తీసి చూస్తే సన్నవి, లావువి, ఎర్రవి, ఎన్ని ఇళ్ల గింజలో కలిసి ఉన్నాయి. "పడవామె తెస్తది, ఏటేటా తెస్తది" అన్నాడు దుకాణంవాడు, మామూలు ముచ్చట చెప్పినట్టు. రేవుకు దిగాం. పడవ అంచున మా గొంగడి పరిచి ఉంది, దాని మీద ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి. వీర్రాజు మమ్మల్ని చూసి మొహం తిప్పుకున్నాడు. డప్పు చప్పుడు వినబడ్డ ఇంటి దిక్కు పోతే, ఆ ఇంటి వాకిట్లో, పీట మీద, నాగరత్నం. "నాకెవరూ లేరమ్మా, వరదలో మా అమ్మతో సహా..." అదే ఏడుపు, అదే వెక్కిళ్లు. ఒక పండుముసలామె కండ్లు తుడుచుకుంటూ ఆమె ఒడిలో బియ్యం పోస్తోంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ నమ్మకమంతా వట్టిదైపోయింది. మా అవ్వ ఒక్కతే కాదు, ఈ నది పొడుగునా ఎందరు అవ్వలు!

నేను అరవబోతే బాపు నా నోరు మూశాడు. "ఆ ముసలామె మొహం సూడు బిడ్డా. ఇప్పుడు చెప్తే ఆమె పానం ఏమైతది? పా" అన్నాడు. ఒడ్డున కూర్చొని నువ్వుల ముద్దలు విప్పి, తినమన్నాడు. ఒకటి కొరికి, మళ్లీ మూటలోనే పెట్టేశాను. మిగిలినవి నీళ్లలో వేశాడు. ఇంటికి రాగానే అవ్వ వాకిట్లోనే అడిగింది. "ముట్టినయే, మస్తు సంబురపడ్డది" అన్నాడు బాపు.

ఏడాదంతా అవ్వ అందరికీ అదే చెప్పుకుంది. నా బిడ్డ వస్తది, పండుగకొస్తది. చీర కొనిపెట్టింది, సన్నబియ్యం దాచిపెట్టింది. నేను పక్కనే ఉండి, పండ్లు బిగబట్టుకొని వింటూ ఉండేదాన్ని.

మళ్లీ తంగేడు పూసింది. పడవ వచ్చింది. నాగరత్నం "అమ్మా!" అంటూ వాకిట్లోకి నడిచి వచ్చింది, ఎంత ధైర్యం! అవ్వ పీట వేసి, బియ్యం చాట చేతికి తీసుకోగానే నాకు ఆగలేదు. "పొయ్యకు అవ్వా! గామె ఊరూరికి గిట్లనే పోయించుకుంటది, బియ్యం అమ్ముకుంటది, నేను, బాపు సూసినం!" అని ఏడుస్తూ అన్నాను.

అవ్వ చాట దించలేదు. "నీ తల్లి ఉన్నదా బిడ్డా?" అని అడిగింది, మెల్లగా.

నాగరత్నం తల దించుకుంది. "ఉంది."

"ఏడ?"

"మా ఊళ్లోనే."

"బతికున్న తల్లిని సంపుకొని నా ఒళ్లెకు వచ్చినవానే?" అన్నది అవ్వ. నాగరత్నం చెంగు సర్దుకొని, వెనక్కి చూడకుండా రేవుకు దిగిపోయింది.

అవ్వ అప్పుడు బాపు దిక్కు తిరిగింది. "అది పరాయిది, నీళ్ల మీదొచ్చింది, నీళ్ల మీద పోయింది. నువ్వు నా కడుపుల పుట్టినోనివి. నీకెరుకుండి యాడాదంత నన్ను పిచ్చిదాన్ని చేస్తివి గద కొడుకా!" బాపు కాళ్ల మీద పడ్డా అవ్వ కాళ్లు వెనక్కి తీసుకుంది. ఆ తర్వాత బాపు చేతికి అన్నం పెట్టింది, రోగమొస్తే చేసింది, కానీ ఆయన ఏం చెప్పినా, "నిజమేనా?" అని ఇంకొకరిని అడిగేది. వాన పడుతుందన్నా అడిగేది. బాపు అది భరించలేక రోజులకు రోజులు మందతోనే ఉండిపోయేవాడు.

ఇప్పుడు ఆ రేవులో తెరచాపలు లేవు. నదికి కట్టలు పడ్డాయి, సున్నపు బట్టీలు పోయాయి, ఈతవనంలో ఇళ్లు లేచాయి. ఒడిబియ్యానికి కావలసినవన్నీ దుకాణంలో సంచుల్లో కట్టి అమ్ముతున్నారు. రేపు నా బిడ్డ వస్తుందని నేను మాత్రం చేత్తోనే కలుపుతున్నాను.

నా పెండ్లినాటికి అవ్వ బతికే ఉంది, తాతా ఉన్నాడు. అందరూ ఒడి నింపాక అవ్వను రమ్మంటే, చేతులు కొంగులో దాచుకుంది. "ఒకపారి పోసిన. అబద్ధానికి పోసిన. ఈ చెయ్యి వద్దు బిడ్డా నీకు" అన్నది. ఎంత బతిమాలినా రాలేదు. నా ఒడిలో అమ్మ బియ్యం ఉన్నాయి, పిన్నమ్మలవి ఉన్నాయి, ఊళ్లో ప్రతి ఇంటివీ ఉన్నాయి. అవ్వవి లేవు. నా వంతువి ఆ పడవలో పోయి, ఏ దుకాణంలోనో అమ్ముడుపోయాయి.