గేటుకు కట్టిన గుమ్మడికాయ

అరవైలు అప్పుడే మొదలైన ఆ రోజుల్లో ‘ఆటోమేటిక్’ అన్న మాట చెవిన పడితే చాలు, ఇక మనిషికి పని తప్పిందని సంబరపడేవాళ్లం. నేనైతే ఆ మాటను నమ్మి అలసిపోయినంతగా పార పట్టి కూడా ఎన్నడూ అలసిపోలేదు. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోయే పంటకాలువ మీద లస్కరుగా చేరాను. లస్కరంటే కాలువకు కాపలావాడు. చేరిన నెలకే చివరి పిల్లకాలువ మొదట్లో, పాత చెక్కపలకలు తీసేసి, తనంతట తానే తెరుచుకుని మూసుకునే ఇనుప గేటు పెట్టారు. త్రాసు కాడలాంటి పొడుగాటి కమ్మీ, దానికి ఒక చివర గేటు, ఇంకో చివర పక్కనున్న చిన్న బావిలో తేలే రేకు డబ్బా. కింద కాలువలో నీళ్లు తగ్గితే డబ్బా దిగుతుంది, గేటు లేస్తుంది. నీళ్లు చాలితే డబ్బా తేలుతుంది, గేటు మూసుకుంటుంది. అంతే సంగతి.

దాన్ని బిగించిన సూపర్వైజరు గారు (మేము చాటుగా ‘చెయ్యిపెట్టొద్దు సారు’ అనుకునేవాళ్లం) వెళ్తూ వెళ్తూ నాకు ఒకటే బోధ చేశారు. “అది గేటు మూసిందంటే కింద నీళ్లు చాలాయని అర్థం. నీకంటే దానికే బాగా తెలుసు. చెయ్యి పెట్టొద్దు.” నేను పెట్టలేదు. ఒక్క గుమ్మడికాయ మాత్రం పెట్టాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా ఎడ్లబండ్లు కట్టుకుని వచ్చి గేటును నోరు తెరిచి చూసిపోతుంటే మా అమ్మకు భయం పట్టుకుంది. కొత్త గేటు, కొత్త ఉద్యోగం, ఇంతమంది కళ్లు. మా పాకమీద కాసిన బూడిద గుమ్మడికాయకు, నాలుగు వీశెలకు తక్కువ ఉండదు, పసుపూ కుంకుమా పెట్టి ఉట్టిలో వేసి ఇచ్చింది. దారినపోయే వాళ్లందరికీ కనపడాలి కదా అని గేటు వైపు కమ్మీ చివరన నా చేతులతోనే వేలాడదీశాను. చూడటానికి ఎంతో నిండుగా ఉంది.

మూడోనాడు కాలువ చివరి మడి అక్క వచ్చింది. నలభై ఐదేళ్ల మనిషి. ఆదివారం చర్చికి తప్ప పొలం విడిచిపోని ఆమె, రెండు మైళ్లు గట్టు మీద నడిచి వచ్చింది. భర్త పోయాక రెండెకరాలు ఒంటిచేత్తో చేసుకుంటోంది. అంతా మొలగొలుకుల వరే. “అబ్బయా, నీళ్లు రాలేదు. మడి ఆరితే ఉప్పు పైకొస్తాది. మాది సముద్రం పక్క నేల” అంది. నేను గేటు వైపు చూశాను. మూసి ఉంది. “గేటు మూసుండాదక్కా. అంటే నీకు నీళ్లు చాలినట్టే” అన్నాను. ఆమె, “నాకు చాలిందో లేదో నాకు తెలవదా?” అని వెళ్లిపోయింది.

తర్వాత రోజూ వచ్చింది. పై మడులవాళ్లు మాత్రం గేటు కింద కారే నీళ్లతోనే సరిపెట్టుకుని నోరెత్తలేదు. అక్క మాట కాదనలేక నేను రోజూ గేటును బాగుచేసేవాణ్ణి. ముందుగా గుమ్మడికాయను భక్తిగా దించి గట్టు మీద తుమ్మచెట్టుకు తగిలించేవాణ్ణి (కింద పెడితే అపచారమని అమ్మ మరీ మరీ చెప్పింది). తర్వాత ఛాతీ లోతు బావిలో దిగి పీతల్ని ఏరి, డబ్బా తుడిచి, కమ్మీకి ఆముదం రాసేవాణ్ణి. పైకొచ్చి చూస్తే గేటు చక్కగా లేచి ఉండేది. నీళ్లు ఉరికేవి. హమ్మయ్య అనుకుని గుమ్మడికాయను మళ్లీ దాని చోట తగిలించేవాణ్ణి. గేటు మెల్లగా దిగి మూసుకునేది. అది చూసి మురిసిపోయేవాణ్ణి. ఎంత తెలివి, చాలిన వెంటనే మూసుకుందే అని. సాయంత్రానికి నడుము పడిపోయేది. సైకిలు తొక్కలేక ఇంటిదాకా నడిపించుకుని పోయేవాణ్ణి. పని లేని ఉద్యోగం ఇంత కష్టంగా ఎందుకుందో నాకు అంతుబట్టలేదు.

తొమ్మిదో నాడు అక్క నన్ను తన పొలానికి తీసుకుపోయింది. మూలమడి బీటలు వారింది. దుబ్బుల మొదట్లో తెల్లగా ఉప్పు పూసి ఉంది.  ఇద్దరం గేటు దగ్గరికి తిరిగొచ్చాం. ఆమె చూస్తుండగానే కాయ దించాను, బావిలో దిగాను, తుడిచాను, ఆముదం రాశాను, పైకొచ్చి చూశాను. గేటు లేచింది. కాయ తగిలించాను. గేటు దిగింది. అలవాటు కొద్దీ నోరు జారింది. “చూసినావా అక్కా, చాలినట్టుండాది.”

“ఇప్పుడే గదా నా మడి చూసొచ్చినావు” అంది. కోపంగా కూడా కాదు, అలసటగా. లేచి వచ్చి గుమ్మడికాయను దించింది. గేటు లేచింది. తగిలించింది. గేటు దిగింది. మళ్లీ దించి, చంకన పెట్టుకుని, “ఇది మూసింది గేటు కాదబ్బయా, ఈ కాయ” అంది. మళ్లీ ఆ బావిలో దిగి మునిగిపోదామనిపించింది.

ఆ కాయను ఆమె ఇంటికి తీసుకుపోయి పులుసు పెట్టింది. దిష్టికాయ తినకూడదని నేను నసిగితే, “మాకు ఆ పట్టింపు లేదులే, తిను” అని రెండుసార్లు వడ్డించింది. ఆకలి మీద ఉన్నానేమో, అంత రుచి నేనెరగను.

వారం తర్వాత సూపర్వైజరు గారు తనిఖీకి వచ్చి చివరి మడిదాకా నడిచారు.  అక్క ఒక్క మాట అంటే చాలు, నా ఉద్యోగం ఊడటానికి. “నీళ్లు అందుతున్నాయామ్మా?” అని అడిగారు. అక్క మూలమడికి వీపు పెట్టి, చెంగు విప్పి కప్పుకుంటున్నట్టు అడ్డంగా నిలబడింది. “అందతా ఉండాయి సారూ. ఈ అబ్బయి రోజూ చూసుకుంటా ఉండాడు” అంది. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడు ఆ మూలమడిలో గింజ పండలేదు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు.

ఇప్పుడు మా మిద్దె మీద తొట్టికి తేలే బంతి ఉంది. నిండితే మోటరు తానే ఆగుతుందట. అయినా రోజూ మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి చూసి వస్తాను. “ఆటోమేటిక్ గదా, ఎందుకీ అవస్థ?” అని ఇంటామె విసుక్కుంటుంది. నవ్వి ఊరుకుంటాను. నీళ్లు ఉన్నాయా అని ఆ రోజుల్లో గేటును అడిగిన కుర్రవాడు, మొదటి రోజే మడిని అడిగి ఉంటే రెండు మైళ్లే కదా నడవాల్సింది.