ఆళ్లగడ్డకు వెళ్ళిన కువైట్ పొయ్యి

పోయిన నెల ఒక ఉదయం ఆళ్లగడ్డ నుంచి ఫోన్ వచ్చింది. ఖాలా కోడలు. "అక్కా, అమ్మీ పోయింది" అంది. తెల్లవారుజామున నమాజు చేసుకుని, కాసేపు నడుం వాలుస్తానని పడుకుని ఇక లేవలేదట. నాకు ఏడుపొచ్చింది. దాని వెనకే, మీరేమనుకుంటారో గానీ, నవ్వు కూడా వచ్చింది. ఎందుకంటే ఖాలాను తలుచుకుంటే ముందు నాకు కనిపించేది ఆమె ముఖం కాదు, వీపు. ఓవెన్ తలుపు తెరిచి, తల లోపల పెట్టి, మమ్మల్నందర్నీ తిడుతూ ఉండే ఆ వెడల్పాటి వీపు.

నంద్యాలలో మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఒకటే గోడ. మాది కిరాణా కొట్టు. వీధి పిల్లలంతా ఆమెను ఖాలా, అంటే పిన్ని, అంటుంటే నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆమె భర్త కువైట్‌లో ఒకరింట్లో వంటమనిషి. ఆ ఇంటివాళ్ళు కొత్త పొయ్యి కొనుక్కుని పాతది ఆయనకిచ్చేశారు. ఆయన ఊరికి తిరిగొస్తూ దాన్ని కార్గోలో వేయించాడు. కువైట్ నుంచి సామాను వస్తోందంటే ఏ పెద్ద టీవీయో అనుకుని వీధంతా చూడ్డానికి వచ్చింది. తీరా అట్టపెట్టె విప్పితే కరెంటు పొయ్యి. పైన నాలుగు కాయిళ్ళు, కింద ఓవెన్, నలుగురు పడితే గానీ కదలని బరువు. ఖాలా మాత్రం దాని చుట్టూ ఒకసారి తిరిగి, పైట చెంగుతో తుడిచి, "దీనికి వేరే వైరు లాగాల" అంది. అన్నట్టే మీటరు దగ్గర్నుంచి లావు వైరు లాగించి, పొయ్యికంటూ ఒక మెయిన్ స్విచ్ పెట్టించింది.

రంజాన్ వస్తోందంటే మా దగ్గర ముస్లింల ఇళ్ళలో నానఖటాయి బిస్కెట్లకు పిండి కలిపి, ఉండలు పళ్ళేల్లో పేర్చి, కాల్పించుకోవడానికి బేకరీకి మోసుకెళ్తారు. అక్కడ పడిగాపులు పడాలి. ఖాలా పొయ్యి వచ్చాక మా వీధి పళ్ళేలన్నీ గోడ దాటి ఆమె వంటింటికే వెళ్ళాయి. ఎవరి పళ్ళెం ఏదో తెలియడానికి ఒకరు ఉండల మీద లవంగం గుచ్చేవారు, ఒకరు బొటనవేలు నొక్కేవారు. పండగ ముందు అందరూ రోజా, ఉపవాసం కదా, కాలిందో లేదో నోట్లో వేసుకుని చూసేవాళ్ళు ఉండరు. ఆ పని నాది. "రోజా లేనిదానివి నువ్వొక్కదానివే మే. తిని చెప్పు" అని మొదటిది నా చేతిలో పెట్టేది. ఇంత మంచి ఉద్యోగం నాకు జీవితంలో మరొకటి దొరకలేదు.

ఆ పొయ్యిని ఆమె సాకిన తీరు చూడాలి. ఒక కాయిల్ వేడెక్కకపోతే గాబరా పడేది కాదు. మెయిన్ దించి, చల్లారాక ఆ కాయిల్‌ను ఊడబెరికి పక్క కాయిల్ గూట్లో పెట్టి చూసేది. "ఈడ ఎర్రబడితే కాయిల్ మంచిదే. తప్పు ఆ గూటిది." అంతే, మళ్ళీ మెయిన్ దించి ఆ గూట్లో నల్లబడిన చోట గరుకు కాగితంతో రుద్దేది. ఓవెన్ తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగేది. సులువుగా ఊడొస్తే తలుపు చుట్టూ ఉన్న పట్టీ సాగిందని లెక్క. ఒకసారి మా ఇంట్లో గ్యాస్ అయిపోయి, జొన్నపిండి పట్టుకుని ఆమె దగ్గరికే వెళ్ళాను. రొట్టె పెనం మీద వేసి, పైన తడిగుడ్డతో నీళ్ళు అద్దాను. నీళ్ళు కారి కాయిల్ గూట్లో పడ్డాయి. చుయ్‌మని చప్పుడై, మెయిన్ పడిపోయి, పొయ్యి ముందున్న చిన్న లైటు ఆరిపోయింది. నేను హడలిపోయి గోడకు అతుక్కున్నాను. ఖాలా పడీ పడీ నవ్వింది.

"కువైట్ వాళ్ళు జొన్నరొట్టె ఎరగరు కదమ్మే, పాపం! గుడ్డ బాగా పిండి అద్దు. పెనం కూడా వెడల్పుది పెట్టుకో."

ఆ రోజు మధ్యాహ్నం ఆ పొయ్యి మీదే రొట్టెలు కాల్చి, వంకాయ కూరతో ఇద్దరం కూర్చుని తిన్నాం. కరెంటంటే నాకున్న భయం సగం అక్కడే పోయింది. మిగతా సగం ఎండాకాలంలో పోయింది. పొయ్యి మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందని నేను అరిస్తే, ఆమె తాపీగా మెయిన్ దించి, పెరట్లో ఎర్త్ కోసం ఉప్పూ బొగ్గులూ వేసి పూడ్చిన గుంత దగ్గరికి బకెట్టుతో నడిచింది. "నేల ఎండిపోయింది. దీనికీ దప్పికైతాండాది" అని నీళ్ళు పోసింది. ఆ వేసవంతా రోజూ పోసింది. అటువైపు పోయేవాళ్ళు ఏం చెట్టు పెట్టావని అడిగితే, "కరెంటు చెట్టు" అనేది.

భర్త పోయాక కొడుకు ఆమెను ఆళ్లగడ్డకు రమ్మన్నాడు. అక్కడ అతనికి చెప్పుల అంగడి ఉంది. మంచివాడు, కానీ ఆ పొయ్యిని చూస్తే అతనికి ఒళ్ళు మంట.

"అమ్మీ, ఆడ గ్యాస్ ఉండాది. ఈ ఇనుప సామాను యాడ పెట్టుకుంటావ్? పాత సామాన్లోనికి ఏసేద్దాం."

"గ్యాస్ పొయ్యి కోసం మనింటికి ఎవరొస్తారురా? దీనికైతే మనుషులొస్తారు. ఇది రాకుంటే నేనూ రాను" అంది ఖాలా.

కొడుకు ఆటో మాట్లాడటానికి బయటికి వెళ్ళాక నా వైపు తిరిగింది. నేను ఎప్పుడూ చూడని భయం ఆ కళ్ళల్లో. "ఆళ్లగడ్డలో నాకెవరు తెలుసు మే? నా కొడుకు అంగడికి పోతే నేను మూల కూసోని గోడలు చూసుకోవాల్నా?" అంది. పొయ్యి ట్రాలీ ఆటోలో ఎక్కింది. దాని పక్కన స్టూలు వేసుకుని, ఎవరెంత చెప్పినా వినకుండా ఖాలా కూడా ఎక్కింది. పెళ్ళికూతురి వెంట తోడు వెళ్ళేవాళ్ళలా ఒక చెయ్యి దాని మీద వేసి కూర్చుంది.

ఆళ్లగడ్డలో మొదటి రంజాన్. పండగకు ముందురోజు పొద్దున్నే నాకు ఫోన్. "మే, బేగా రా. ఓవెన్ వేడెక్కడం ల్యా. వీధిలో ఇంటింటికీ పోయి పళ్ళేలు తెమ్మని చెప్పొచ్చినా. సాయంత్రానికి వస్తారు." అప్పటికి ఆమె చూపు బాగా మందగించింది. "కండ్లు నీవి, చెయ్యి నాది" అంది. ఆ రోజు ఆ ఓవెన్ వెలగకపోతే ఆ వీధి ఆడవాళ్ళు పళ్ళేలు ఎత్తుకుని బేకరీకి పోతారు, మళ్ళీ ఆ గడప తొక్కరు. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. కొట్టు మా ఆయనకు అప్పజెప్పి బస్సెక్కాను.

నేను వెళ్ళేసరికే ఇద్దరు ముగ్గురు తొందరపడి వచ్చేశారు. ముందు గదిలో పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. కొడుకు గుమ్మంలో నిలబడి, "నేను అప్పుడే చెప్పినా కదా" అన్నట్టు చూస్తున్నాడు. ఖాలా అతన్ని పట్టించుకోలేదు.

"ఎర్రబడి ఆరిపోతాండాదా, అసలు ఎర్రబడడమే ల్యాదా? అది చెప్పు ముందు."

చూశాను. ఓవెన్ లోపలి కడ్డీ ఎర్రబడింది. కాసేపటికే ముందున్న లైటు ఆరిపోయింది, కడ్డీ నల్లబడింది. అదే చెప్పాను.

"అయితే కరెంటు వస్తాండాది. లోపల వేడి ఎక్కువైందని దానికి ఎవరో అబద్ధం చెప్తాండారు. మెయిన్ దించు."

చల్లారేదాకా కూర్చున్నాం. ఆ కాసేపు నాకు కాలు నిలవలేదు, ఆమె మాత్రం తస్బీ పూసలు తిప్పుకుంటూ ఉంది. తర్వాత టార్చి వేసి లోపలికి చూశాను. ఓవెన్ వేడిని కనిపెట్టే సన్నటి రాగి గొట్టం ఒకటి ఉంటుంది. నంద్యాలలో అది ఓవెన్ వెనక గోడకు క్లిప్పుల్లో, నల్లగా మసిబారి, ఒద్దికగా ఉండేది. ఇప్పుడు క్లిప్పుల్లోంచి ఊడి కడ్డీ మీదికి వాలి ఉంది. పైగా తళతళా మెరిసిపోతోంది. ఖాలా చెయ్యి పెట్టి తడిమింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"చింతపండు!"

తలుపు దగ్గర కోడలి ముఖం పాలిపోయింది. పండగకు ఇల్లంతా కడుగుతూ, గిన్నెలన్నీ తోముతూ, అత్త ప్రాణంగా చూసుకునే పొయ్యి లోపల మసిపట్టిన రాగి కనిపించేసరికి ఆ పిల్లకు మనసొప్పలేదు. చింతపండూ ఉప్పూ వేసి, బిందె తోమినట్టు తోమేసింది. ఆ తోముడుకు గొట్టం ఊడింది. అది వేడి కడ్డీకి ఆనుకుంటే ఓవెనంతా కాలిపోతోందని అనుకుని స్విచ్ దానంతటదే ఆగిపోతోంది.

ముందు గదిలోంచి ఎవరో, "ఏమైందంటా?" అని కేకేశారు. కోడలు తల వంచుకుంది. ఖాలా అక్కడి నుంచే గట్టిగా చెప్పింది. "ఏమీ ల్యా తల్లీ! నంద్యాల కరెంటు తిన్న పొయ్యి, ఆళ్లగడ్డ కరెంటు ఇంకా ఒంటబట్టల్యా. రోంత కూసోండి!" అందరూ నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి కోడలితో, "ఇంత తెల్లగా దీన్ని నేను కూడా ఎప్పుడూ తోమల్యా. ఇట్రా, నా పక్కన కూసో. దీన్ని యాడ తగిలించాల్నో చూపిస్తా" అంది. క్లిప్పులు ఆ పిల్ల చేతే వంచి సరిచేయించింది. గొట్టం ఆ పిల్ల చేతే పెట్టించింది. నా కళ్ళు కూడా ఇక అక్కర్లేకపోయాయి.

మెయిన్ ఎత్తాం. కడ్డీ ఎర్రబడింది. ఈసారి ఎర్రగానే ఉంది. మొదటి పళ్ళెం లోపలికి వెళ్ళింది, నెయ్యీ యాలకులూ కలిసి వాసన బయలుదేరింది, ముందు గదిలోవాళ్ళంతా ఒక్కొక్కరే వంటింట్లోకి వచ్చి చేరారు. మొదటి నానఖటాయి నాకే ఇచ్చారు. నోరు కాలింది, అయినా ఊదుకుంటూ తిన్నాను. "కుదిరింది" అని నేను అనగానే ఖాలా రెండు చేతులూ ముఖం మీద వేసుకుని నవ్వింది. ఏడ్చిందేమో కూడా, నాకు తెలియదు. ఆమె కొడుకు ఎప్పుడు వెళ్ళాడో గానీ, ఇంకా పళ్ళేలు వస్తున్నాయని వీధి చివర నుంచి రెండు స్టూళ్ళు మోసుకొచ్చాడు.

ఆ తర్వాత ఆళ్లగడ్డకు నేను ఎప్పుడు ఫోన్ చేసినా వెనకాల నలుగురైదుగురు ఆడవాళ్ళ గొంతులు వినిపించేవి. "ఎవరు ఖాలా?" అంటే, "ఎవరో వచ్చినార్లే. ఒకామెకు కేకు కావాలంట, ఒకామెకు ఊరికే మాట్లాడాలంట" అని గొప్పగా చెప్పేది. నన్ను మరిచిపోయావని నేను నిష్ఠూరమాడితే, "వచ్చి తినిపో, ఈడ అందరూ రుచి చెప్పేవాళ్ళే ఐనారు" అని ఏడిపించేది. ఆమె నాకు నేర్పింది పొయ్యి పని ఒక్కటే కాదు. కానీ ఆ పెద్ద మాటలు ఆమెకు గిట్టవు, కాబట్టి రాయను.

వాళ్ళలో మనిషి పోయిన ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే అన్నం తెచ్చిపెడతారు. మూడో రోజు ప్రార్థనకు నేనూ మా ఆయనా వెళ్ళేసరికి గుమ్మం ముందు చెప్పులు వీధిలోకి పరుచుకుని ఉన్నాయి. ఆ ఆడవాళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలియవు. ఒకామె నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. వంటింట్లో గట్టు మీద చోటు లేదు, నేల మీద చోటు లేదు. కోడలు మెయిన్ దించేసి, పొయ్యి మీద పాత దుప్పటి మడతపెట్టి పరిచింది. దాని మీద పప్పు గిన్నెలు, పులుసు తపేలాలు, ఎవరో తెచ్చిన జొన్నరొట్టెల మూట, మూత పెట్టిన పాలచెంబు. వెనక ఇంకొకామె వేడి అన్నం గిన్నె ఎత్తి పట్టుకుని, ఎక్కడ దించాలా అని చూస్తూ నిలబడి ఉంది.