అవ్వ పాటలు కాపీ తీయకుండానే ఫోన్ రూట్ చేస్తాడట!

డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో మీరు కిరాయిదారుల్లా బతుకుతున్నారు. కంపెనీ కుక్కిన యాప్‌లు తీసేసే హక్కు కూడా లేదు, అయినా నోరెత్తరు. నేను ఊరుకోలేదు. కంపెనీ లాక్ తెరిపించి, ఫోన్ మీద పూర్తి పెత్తనం నాకే వచ్చేలా రూట్ చేయించుకుందామని ఇవాళ మక్తల్‌లో రిపేరు దుకాణానికి వెళ్లాను.

"ఏం పోదు సార్, ఫికర్ చెయ్యకుండ్రి. ఫోటోలు, నంబర్లు కాపీ తీసిన" అన్నాడు దుకాణం నడిపే ఖాజా.

"మరి రికార్డింగులు?"

"గవెవరు అడుగుతరు సార్?"

"నేనడుగుతున్న! లాక్ తెరిస్తే ఫోన్ మొత్తం తుడుచుకపోతది. సచ్చిపోయిన మా అవ్వ పాడిన పీర్ల పండుగ పాటలు అండ్లనే ఉన్నయి. ఇంకెక్కడ లేవు."

ఖాజా ఒక పాట పెట్టి విన్నాడు. "గిది మా దాదీ గూడ పాడేది సార్. జర నాకూ పంపుండ్రి" అన్నాడు. పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాకే లాక్ జోలికి పోయాడు. సాయంత్రానికి పాటలు తిరిగి ఎక్కించిన ఫోన్ నా చేతికొచ్చింది, అవ్వ గొంతుతో సహా.

ఇక నా డిమాండ్లు:

కొన్నవాళ్లకే ఫోన్ తాళం ఇవ్వాలి.

అక్కర్లేని యాప్‌లు తీసేసే వీలుండాలి.

రూట్ చేస్తే ఏమేం పోతాయో దుకాణాలవాళ్లు ముందే చెప్పాలి.

మీరు ఇవాళే మీ పెద్దవాళ్ల గొంతులు కాపీ తీసిపెట్టుకుని, మీ ఫోన్‌లో మొండికేసిన యాప్ ఏదో కింద రాయాలి.