డెల్ఫా పేరిట లైసెన్సు

తుపాకీ ఎవరు చేతికిచ్చినా డెల్ఫా రన్యన్ ముందు తూటా గది తెరిచి, చిటికెన వేలు లోపల పెట్టి చూసేది. కంటిని నమ్మేది కాదు. వెస్ట్ వర్జీనియా కొండల్లోని ఒక తుపాకుల కొట్లో ఇరవై ఆరేళ్లు జీతానికి నిలబడి నేర్చిన అలవాటది.

వేసవిలో యజమాని కొట్టు అమ్మేస్తానంటే, దాచుకున్నదంతా పెట్టి ఆమే కొంది. బల్లలు, బీరువాలు, నలభై తుపాకులు, గోడమీద పటం కట్టిన లైసెన్సు. అన్నీ తనవే అనుకుంది. లైసెన్సు మనిషితో పోతుందనీ, కొట్టుతో రాదనీ తర్వాత తెలిసింది. ఇన్నేళ్లూ ఆ పటానికి దుమ్ము తుడిచిందే కానీ, అందులో ఎవరి పేరుందో పట్టించుకోలేదు.

తుపాకులకు తాళం పడింది. తన పేరిట లైసెన్సుకు అర్జీ పెట్టింది. వేలిముద్రలిచ్చింది. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి పోయాడు. నవంబరు వచ్చింది. సోమవారం జింకల వేట మొదలు. ఏడాది తిండిగింజలు ఆ రెండు వారాల్లోనే దొరికేవి. తుపాకీ మీద మిగిలేది బొటాబొటి. కొన్నవాడు దుర్భిణి, తూటాలు, భుజానికి పట్టీ తీసుకుంటేనే కొట్టు నిలిచేది. తుపాకీ దొరకని కొట్టుకు తూటాల కోసం ఎవరొస్తారు?

శుక్రవారం పాత ఖాతాదారు ఆర్విల్ టీగ్ బల్లకు ఆనుకుని నవ్వాడు.

"ఇంకా రాలేదా? ఈ ఏడు మేజోళ్లమ్ముకో డెల్ఫా. జింకలకు చలేస్తోందట."

"నోరు మూసుకుని కాఫీ తాగు. ఊరికే పోస్తున్నా కదా!"

పోస్టు బండి ఆగింది. డెల్ఫా రోడ్డు మీదికి పరుగెత్తింది. కవరు చింపింది. తన పేరు! పోస్టావిడను వాటేసుకుని గిరగిరా తిప్పేసింది.

"వచ్చిందా? వచ్చేసిందే!" ఆర్విల్ టోపీ గాల్లోకి ఎగరేశాడు. "రేపు తొలిబేరం నాదే!"

మర్నాడు తలుపు తీసేసరికి గుమ్మంలో ఆర్విల్, వెనకాల ఆరేడుగురు. నచ్చిన తుపాకీ తీసి బల్లమీద పెట్టాడు. తుపాకీ కొనేవాళ్లు నింపాల్సిన సర్కారు ఫారం డెల్ఫా అతని ముందుకు జరిపింది. కొనేది నీకోసమేనా అన్న ప్రశ్న దగ్గర అతను ఆగాడు.

"మా బావమరిదికిలే. డబ్బూ వాడిదే. వాడికి కాగితాలంటే చిరాకు. అవునని రాసేస్తా."

"అబద్ధపు ఫారం మీద అమ్మితే నా లైసెన్సు ఊడుతుంది. వాణ్ణే రమ్మను."

"ముప్పై ఏళ్ల స్నేహం డెల్ఫా!"

"స్నేహం ముప్పై ఏళ్లది. లైసెన్సు నిన్నటిది."

ఆ తుపాకీని తిరిగి గోడకు తగిలించింది. అతని భుజం మీదుగా తొంగి చూసి, వెనక నిలబడ్డ అమ్మాయిని గొంతు పెంచి పిలిచింది:

"రామ్మా, నువ్వు రా! ఏం కావాలి?"