మడమ కింద చెయ్యి

దయ్యాల కబుర్లు చెప్పే పిల్లలను క్లాసులోనే ఆటపట్టించేవాడిని. సిద్దిపేటలో బయాలజీ పాఠాలు చెప్పుకుని బతికే నాకు అవన్నీ ఉత్త మాటలే. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నానంటే తల కొట్టేసినట్టుంది.

షుగర్ వల్ల కుడి మడమకు పుండు పడింది. దాని వాసనకు సిగ్గుపడి కాలేజీకి సెలవు పెట్టాను. నా భార్య సుజాతను కూడా ముట్టుకోనివ్వలేదు. కండ పూడకపోతే కాలు తీసేయాల్సి వస్తుందన్నారు డాక్టర్.

పుండు మీద స్పాంజిలాంటి మెత్తని షీటు వేశారు. కండ పెరగడానికి సాయపడే హైలురోనిక్ యాసిడ్ జెల్ ఊరికే పూస్తే జారిపోతుంది. ఆ షీటు దాన్ని పుండు దగ్గరే పట్టి ఉంచుతుందట.

"మడమ మంచానికి ఆననియ్యకున్రి సార్. బరువు పడితే మందంత బయటికొస్తది," అంది నర్సు.

సూది గుచ్చినా తెలియని పాదం నాది. కింద దిండు పెట్టుకున్నా నిద్రలో తన్నేసేవాడిని.

ఒక మధ్యాహ్నం సుజాత అంగన్‌వాడీ డ్యూటీకి పోయాక, లోపల గడియ పెట్టుకుని పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి దిండు నేల మీదుంది. మడమ మాత్రం పరుపుకు ఆనలేదు. దాని కింద చల్లని అరచెయ్యి ఉంది. సూది తెలియని కాలికి ఆ చెయ్యి తెలిసింది.

భయం కన్నా ముందు సిగ్గేసింది, ఈ కంపు కాలిని ఎవరు పట్టుకున్నారా అని. లేచి చూస్తే ఎవరూ లేరు. వేసిన గడియ వేసినట్టే ఉంది.

మర్నాడు దవాఖానలో కట్టు విప్పారు. జెల్ పోలేదు. షీటు అంచున నాలుగు వేళ్ల నొక్కులున్నాయి. చిటికెన వేలిది సగమే.

"గీ కట్టు ఎవరన్న పట్టిన్రా సార్?" నర్సు అడిగింది.

కట్టినప్పుడు మీ వేళ్లే పడ్డాయేమో అన్నాను. ఆమె చెయ్యి చాపి చూపింది. అన్ని వేళ్లూ నిండుగా ఉన్నాయి.

పక్కనే ఉన్న సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మా అవ్వ చెయ్యి గిట్లనే ఉండె," అంది వాళ్లమ్మను తలచుకుని.

వాళ్ల ఊరు మర్కూక్‌లో వరి కోస్తుంటే కొడవలి తగిలి మా అత్తమ్మకు చిటికెన వేలు సగం పోయింది. ఆమె చనిపోయి ఏడాది దాటింది. బతికున్నన్నాళ్లూ అల్లుడినని నా ఎదుటికి వచ్చేది కాదు, కొంగు తల మీదికి లాక్కుని లోపలికి పోయేది. పెళ్లిలో కాళ్లు కడిగేటప్పుడు నీళ్లు పోసిందే తప్ప ఏనాడూ నన్ను ముట్టుకోలేదు. అలాంటి పెద్దమనిషి చేత కుళ్లిన కాలు మోయించుకున్నానా అని సుజాత ముందు తల ఎత్తలేకపోయాను.

పుండు మానింది. కాలు దక్కింది. ఆ చెయ్యి మళ్లీ రాలేదు. అదేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఇంకా సిగ్గుపడే మాట ఒకటుంది. మధ్యాహ్నం పడుకునే ముందు, ఇప్పుడు దిండును నేనే కింద పడేస్తున్నాను.