ఫోన్ ఎల్లమ్మ చేతికిచ్చిన ఎమ్మెల్యే భార్య

ఈ రోజు పొద్దున కడప జిల్లాలో పత్రిక పని మీద ఒక ఎమ్మెల్యేను కలవడానికి ఆయన ఇంటికి వెళ్లాను. ఆయన ఊళ్లో లేరు. వరండాలో ఆయన భార్య అర్జీలు వింటున్నారు. ఆమెకు ఏ పదవీ లేదు.

ఎల్లమ్మ అనే ఆవిడ వంతు వచ్చింది. వాళ్ల వీధికి తొమ్మిది రోజులుగా నీళ్ల ట్యాంకర్ రాలేదు. ఇంట్లో కూతురు బాలింత. మున్సిపల్ ఆఫీసులో మూడుసార్లు అర్జీ ఇచ్చినా ఫలితం లేదు.

ఎమ్మెల్యే భార్య మున్సిపల్ ఇంజనీరుకు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేశారు.

"ఏమప్పా, బాగుండావా? ఈడ ఎల్లమ్మ నా పక్కనే కూచోనుండాది. ట్యాంకర్ ఎప్పుడొస్తాదో ఆమెకే చెప్పు" అని ఫోన్ ఎల్లమ్మ చేతికిచ్చేశారు.

"సాయంత్రం పంపిస్తామ్మా" అన్నాడు ఇంజనీరు.

"మొన్న గూడా సాయంత్రమనే అంటివి కదప్పా. గంట చెప్పు, బిందెలు పెట్టుకోవల్ల" అంది ఎల్లమ్మ.

"నాలుగింటికి."

నేనూ ఆ వీధికి వెళ్లి నిలబడ్డాను. నాలుగుంపావుకు ట్యాంకర్ వచ్చింది. ఎల్లమ్మ మొదటి బిందె నింపుకుని, కూతురి స్నానానికి నీళ్లు కాచాలంటూ లోపలికి పోయింది.

వార్త పంపాక మా పత్రిక డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది. "ట్యాంకర్ ఎవరి ఆదేశంతో వచ్చిందో రాయలేదేం?"

ఎవరూ ఆదేశించలేదు, నా చెవులతో విన్నాను. ఎల్లమ్మ అడిగింది, ఇంజనీరు పంపాడు. అంతే రాశాను. ఎల్లమ్మ తన సొంత ఫోన్‌లో అడిగి ఉంటే వచ్చేదా అన్నది మాత్రం వార్తలో ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మీరైతే ఎట్లా రాసేవారు?